సగంలో ఉన్నప్పుడే చూపించండి

2015 జనవరిలో గుంటూరు మిర్చి యార్డులో ఒక దిగుమతి వ్యాపారి కొట్లో నాలుగు రోజులు కూర్చున్నాను. యార్డు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట: రైతు తెచ్చిన సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంట్‌ని అక్కడ దిగుమతి వ్యాపారి అంటారు. కొని బయటికి పంపేవాళ్లు ఎగుమతి వ్యాపారులు. మేం ముగ్గురు స్నేహితులం అమీర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఏడు నెలలు రాసిన లెక్కల సాఫ్ట్‌వేర్‌ని ఆ కొట్లో పెట్టడానికి వెళ్లాం. నాలుగో రోజు మధ్యాహ్నం అక్కడి గుమాస్తా గారు కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి, పక్కన పెట్టిన ఖాతా పుస్తకాన్ని మళ్లీ ముందుకు లాక్కున్నారు. ఆయన మొహంలో కోపం లేదు. "ఇది మంచిదే అబ్బాయ్. కానీ సీజన్‌లో నాకు దీంతో కుదరదు" అన్నారు, అంతే.

ఆ తువ్వాలు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. నీలం గళ్ల తువ్వాలు, ఒక అంచున మిర్చి పొడి మరక. ఈ పదేళ్లలో సాఫ్ట్‌వేర్ గురించి నేను నమ్ముతున్నవన్నీ దాదాపు ఆ మధ్యాహ్నం నుంచే మొదలయ్యాయి.

లెక్కల్లో తప్పేమీ లేదు. పైసలతో సహా సరిగ్గా వచ్చేవి. ప్రింటు శుభ్రంగా ఉండేది. కరెంటు పోయినా డేటా పోయేది కాదు, దానికోసం నేనే రెండు వారాలు కష్టపడ్డాను. ఏడు నెలల్లో చేయనిది ఒక్కటే. దాన్ని రోజంతా వాడాల్సిన మనిషి ముందు ఒక్కసారి కూడా పెట్టలేదు.

ఎలా మొదలైందో చెప్పాలి. ఆ కొట్టు యజమాని మా వాళ్లలో ఒకడికి మేనమామ. 2014 జూన్‌లో ఒక ఆదివారం వాళ్లింట్లో భోజనాలయ్యాక నలభై నిమిషాలు కూర్చుని మాట్లాడాం. ఒక తక్‌పట్టీ జిరాక్సు తీసుకున్నాం. పట్టీ అంటే సరుకు అమ్మాక రైతుకి ఇచ్చే లెక్క కాగితం. రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకం, రేటు, కమీషన్, హమాలీ, కాటా ఖర్చు, ముందు తీసుకున్న అప్పు, దాని వడ్డీ, చివర్న రైతు చేతికి వచ్చేది. మొత్తం వ్యాపారం ఆ ఒక్క కాగితం మీద ఉన్నట్టే కనిపించింది. ఆ కాగితం పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాం. మధ్యలో రెండుసార్లు మా వాడు అడిగాడు, ఒకసారి వెళ్లి చూపించొద్దామా అని. వద్దన్నది నేనే. సగం పని చూపిస్తే, వీళ్లకి పని రాదని పెద్దాయన అనుకుంటారేమోనని నా భయం. అన్నీ అయ్యాక, మెరుగులు దిద్దాక, ఒకేసారి చూపించాలనుకున్నా.

డిసెంబరులో యజమానికి చూపించాం. ఏ ఊరి నుంచి ఎన్ని టిక్కీలు వచ్చాయో రంగురంగుల గ్రాఫులో కనపడేసరికి ఆయన ముచ్చటపడ్డారు. "బాగుందిరా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఏడు నెలల టెన్షన్ దిగిపోయింది.

ఇక జనవరి. యార్డులో సీజన్ మొదలైతే రాత్రంతా లారీలూ ట్రాక్టర్లూ దిగుతూనే ఉంటాయి. తెల్లారేసరికి కొట్ల ముందు టిక్కీలు బారులు తీరి ఉంటాయి. ఘాటుకి మాలాంటి కొత్తవాళ్లం దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ నిలబడితే, అక్కడివాళ్లు మామూలుగా టీ తాగుతూ తిరుగుతుంటారు. రెండో రోజుకే మా కీబోర్డు సందుల్లో ఎర్ర పొడి పేరుకుంది. ఎగుమతి వ్యాపారి మనిషి వచ్చి, టిక్కీ కోసి, నాలుగు కాయలు తీసి విరిచి చూసి రేటు చెబుతాడు. కుదిరాక కాటా వేస్తారు.

కాటా దగ్గర నేను చూసింది ఇది. తూకం వేసే మనిషి గొంతెత్తి చెబుతుంటాడు: నలభై రెండున్నర, నలభై ఒకటి, నలభై మూడు, నలభై రెండు. పాట పాడినట్టు ఒకే వరస, ఆగడం ఉండదు. ఒక టిక్కీ దిగుతుండగానే ఇంకోటి ఎక్కుతుంది. గుమాస్తా గారు పక్కన నిలబడి, అరచేతిలో పట్టేంత చీటీ మీద పెన్సిలుతో నిలువుగా అంకెలు వేసుకుంటూ పోతారు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి ఇంకెవరితోనో మాట్లాడుతూనే రాస్తారు. యాభై టిక్కీలు అయ్యాక చీటీ కింద గీత గీసి, మనసులోనే కూడి మొత్తం వేస్తారు. క్యాలుక్యులేటర్‌తో సరిచూసుకోవడం తర్వాత సంగతి.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో టిక్కీ తూకం కొట్టాలి, సేవ్ నొక్కాలి, తర్వాతి వరసకి మౌసు జరపాలి. అది కూడా అసలు చిక్కు కాదు. కాటా ఉన్నది బయట ప్లాట్‌ఫాం మీద, కంప్యూటర్ ఉన్నది కొట్టు లోపల బల్ల మీద. ఆయన చీటీ మీద రాసిందంతా లోపలికి వచ్చి మళ్లీ కొట్టాలి. అంటే మేం ఆయన పనిని తగ్గించలేదు, ఉన్న పనికి ఇంకో పని చేర్చాం. ఈ సంగతి తెలియడానికి ఏడు నెలలు అక్కర్లేదు. జూన్‌లో ఆ ఆదివారం భోజనానికి బదులు ఒక సోమవారం పొద్దున యార్డుకి వెళ్లి కాటా పక్కన గంటసేపు నిలబడి ఉంటే తెలిసేది. సరుకు తక్కువగా వచ్చే రోజులైనా సరే, కాటా కాటాయే.

రైతుని వెతికే చోట ఇంకో దెబ్బ తగిలింది. మేం పేరు మొదట పెట్టాం, ఇంటిపేరు తర్వాత, ఫోన్ నంబరు తప్పనిసరి. ఊరి పేరు చివర్న, ఇష్టమైతే నింపొచ్చు. గుమాస్తా గారు ఖాతా పుస్తకంలో ఎలా వెతుకుతారో చూడండి. ముందు ఊరు తీస్తారు. ఆ ఊళ్లో ఇంటిపేరు. ఆ తర్వాతే మనిషి. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే తండ్రి పేరు, లేదా "చెరువు కింద పొలం" లాంటి గుర్తు పక్కన రాసుకుంటారు. ఫోన్ నంబరు అడిగితే సగంమంది రైతులు కొడుకు నంబరు చెప్పారు, అన్నదమ్ములిద్దరు ఒకే నంబరు చెప్పారు. మా సాఫ్ట్‌వేర్ ఆ ఇద్దరిలో రెండో మనిషిని ఒప్పుకోలేదు. ఆయన వరసలో నిలబడి ఉన్నాడు, వెనక ఇంకో పదిమంది ఉన్నారు. గుమాస్తా గారు నా వైపు చూశారు. నేను తొందరగా ఏదో ఒక నంబరు కొట్టమన్నాను. ఆయన తలూపి తొమ్మిదులు కొట్టారు. ఆ క్షణం నుంచి ఆ డేటాకి విలువ లేదని ఇద్దరికీ తెలుసు.

కానీ మమ్మల్ని నిజంగా పడగొట్టింది తాలు, అంటే రంగు పోయిన నాసిరకం కాయలు. పొద్దున రేటు కుదురుతుంది. కాటా వేసేటప్పుడో ఆ తర్వాతో కొన్ని టిక్కీల్లో తాలు కాయలు ఎక్కువగా కనపడితే కొన్నవాళ్లు వాటికి రేటు తగ్గించమంటారు. కాసేపు వాదన జరుగుతుంది, చివరికి ముప్పైకి ఒక రేటు, ఎనిమిదికి ఇంకో రేటు అవుతుంది. పట్టీ రెండు ముక్కలవ్వాలి. మా సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి రేటు ఖాయం చేశాక మార్చడానికి వీల్లేదు. మోసం జరక్కుండా అలా పెట్టామని మేం గొప్పగా చెప్పుకున్న సౌకర్యం అది. మూడో రోజు ఒక్క పొద్దుటే నాలుగుసార్లు అలా జరిగింది. నాలుగోసారి ఆయన పట్టీని చేత్తో రాసిచ్చారు.

ఆ సాయంత్రం యజమానిని అడిగాను, రేటు ఇలా మారుతుందని జూన్‌లో ఎందుకు చెప్పలేదండీ అని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అది చెప్పేదేముంది? రోజూ జరిగేదేగా" అన్నారు.

దీని గురించి నేను ఎక్కువ ఆలోచించాను. మనిషికి తన పనిలో బాగా అలవాటైపోయింది తనకి కనపడదు. అడిగితే నోటికి వచ్చేవి కొత్తవీ, అరుదువీ, ఇబ్బంది పెట్టినవీ. రోజూ చేసేది అడిగినా రాదు, ఎందుకంటే అది ఆయన దృష్టిలో సమాచారం కాదు, ఊపిరి పీల్చుకోవడం లాంటిది. మనం "రిక్వైర్‌మెంట్స్ తీసుకోవడం" అని పిలిచే పని అంతా మాటల మీద నడుస్తుంది. మాటల్లోకి రానిదే పనిలో ఎక్కువ భాగం. అది బయటికి రావాలంటే ఒకటే దారి ఉంది: పని చేసే మనిషి చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి, ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడాలి.

"బాగుంది" అనే మాట గురించి కూడా చెప్పాలి. మనవాళ్లు ఎవరింటికైనా భోజనానికి వెళ్తే కూరలో ఉప్పు తక్కువైందని చెప్పరు. వండిన మనిషి ఎదురుగా నిలబడి ఎలా ఉందని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. అది అబద్ధం కాదు, మర్యాద. సాఫ్ట్‌వేర్ చూపించినప్పుడూ అదే జరుగుతుంది, మేనల్లుడి స్నేహితులు చేశారంటే మరీనూ. అందుకే ఇప్పుడు నేను ఎలా ఉందని ఎవరినీ అడగను. నిన్నటి పట్టీ ఒకటి దీంట్లో చేసి చూపించండి అంటాను. కూర ఎలా ఉందో విస్తరి చూస్తే తెలుస్తుంది.

ఆ సీజన్ అలా పోయింది. మిర్చి వ్యాపారంలో సీజన్ పోవడమంటే ఏడాది పోవడం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎవరినీ కదిలించే పని లేదు, ఆ తర్వాత యార్డుకి వేసవి సెలవులు. సాఫ్ట్‌వేర్‌లో తప్పుని వెంటనే దిద్దుకోవచ్చని మనం అనుకుంటాం. దిద్దడం వెంటనే అవుతుంది, నిజమే. దాన్ని మళ్లీ ఒక మనిషి చేతిలో పెట్టే అవకాశం మాత్రం మన చేతిలో ఉండదు. పరీక్షల ఫీజులు కట్టించుకునే సాఫ్ట్‌వేర్ అయినా, ధాన్యం కొనుగోలు లెక్కలు అయినా, పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాలు బుకింగులు అయినా అంతే. చేతులు కాలాక ఆకులు దొరికినా, మళ్లీ పొయ్యి వెలిగేది వచ్చే ఏడాదే.

మా ముగ్గురిలో ఒకడు ఆ మార్చిలో ఉద్యోగంలో చేరిపోయాడు. వాడిని తప్పు పట్టను, ఇంట్లో పరిస్థితి అలాంటిది. ముందే చూపిస్తే రెండు వారాల్లో తేలిపోయే పనిమీద ఆ ఏడు నెలలు ఖర్చుపెట్టకుండా ఉంటే వాడు ఇంకా మాతో ఉండేవాడేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. తొందరగా చూపించడం మంచి పద్ధతి, క్వాలిటీ పెరుగుతుంది అని అందరూ అంటారు. నాకు అది ఒక స్నేహితుడు గది ఖాళీ చేసి, పరుపు చుట్టుకుని వెళ్లిపోయిన రోజులా గుర్తు.

ఈ పరిశ్రమకి ఈ సంగతి కొత్తగా తెలిసిందేమీ కాదు. 1970లో విన్‌స్టన్ రాయ్స్ అనే ఇంజనీరు పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల నిర్వహణ గురించి ఒక పత్రం రాశాడు. ముందు అవసరాలు, తర్వాత డిజైను, తర్వాత కోడింగు, చివర్న టెస్టింగు అని మెట్లుమెట్లుగా దిగే బొమ్మ అందులో ఉంది. తర్వాతి కాలంలో దానికి వాటర్‌ఫాల్ అని పేరు వచ్చింది, ప్రపంచమంతా ఆ బొమ్మని పాఠంగా చెప్పుకుంది, మా బీటెక్‌లో మేం కూడా పది మార్కుల ప్రశ్నగా రాశాం. అదే పత్రంలో రాయ్స్ ఇలా ఉన్నదున్నట్టు చేస్తే ప్రమాదమనీ, విఫలమయ్యే అవకాశం ఉందనీ రాశాడు. పనిని రెండుసార్లు చేయమన్నాడు, మొదటిది తెలుసుకోవడానికి. కస్టమర్‌ని చివరిదాకా ఆగకుండా ముందు నుంచే పనిలో కలుపుకోమన్నాడు. మనకి బొమ్మ మిగిలింది, కింద రాసింది పోయింది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రంలో పదిహేడుమంది కూర్చుని, పనిని కొద్దికొద్దిగా చేసి చూపిస్తూ సాగే పద్ధతి కోసం అజైల్ మ్యానిఫెస్టో రాసినప్పుడు కాంట్రాక్టు బేరాల కంటే కస్టమర్‌తో కలిసి పనిచేయడానికి ఎక్కువ విలువ ఇస్తామన్నారు. ఇవాళ మాదాపూర్‌లో ఏ ఆఫీసుకి వెళ్లినా అజైల్ అనే అంటారు. నేనూ తర్వాత నాలుగేళ్లు ఒక పెద్ద కంపెనీలో పనిచేశాను. పనిని రెండు వారాల విడతలుగా చేస్తారు, ఒక్కో విడతని స్ప్రింటు అంటారు, దాని చివర్న చేసింది చూపించే డెమో. ఆ డెమోకి వచ్చేది ఎవరు? మన మేనేజరు, అవతల క్లయింటు తరఫు మేనేజరు, ఏం చేయాలో నిర్ణయించే ఒక ప్రోడక్ట్ ఓనరు. నేను పనిచేసింది ఆసుపత్రి బిల్లింగు కౌంటర్లలో వాడే సాఫ్ట్‌వేర్ మీద. నాలుగేళ్లలో ఒక్క బిల్లింగు క్లర్కు గొంతు కూడా నేను వినలేదు. రెండు వారాలకోసారి "బాగుంది" విన్నాను. వాడే మనిషి గదిలో లేనప్పుడు రెండు వారాలకి చూపించినా, రెండేళ్లకి చూపించినా తెలిసేది ఒకటే. ఇది నేను గట్టిగా అంటున్నాను, ఎందుకంటే ఇప్పుడు చాలామంది యువ డెవలపర్లు స్ప్రింటు డెమోనే ఫీడ్‌బ్యాక్ అనుకుంటున్నారు.

డబ్బు, మనుషులు బోలెడు ఉన్నా ఇదే జరుగుతుంది. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే సైట్‌ని 2013 అక్టోబరు 1న తెరిచింది. మొదటి రోజు దాని ద్వారా బీమాలో చేరగలిగినవాళ్లు ఆరుగురు. మొదటి నుంచి చివరిదాకా మొత్తం కలిపి పరీక్షించడం సెప్టెంబరు ఆఖరి రెండు వారాల్లోనే జరిగిందని కాంట్రాక్టర్లు తర్వాత అక్కడి కాంగ్రెస్ ముందు చెప్పారు. కారణాలు చాలా ఉన్నాయి. నన్ను ఆపేది ఒకటి: అప్పట్లో పాలసీల ధరలు చూడాలంటే ముందు ఖాతా తెరవాల్సి వచ్చేది, వివరాలన్నీ ఇవ్వాల్సి వచ్చేది. చీరల కొట్టు గుమ్మంలోనే ఆధార్ కార్డు అడిగినట్టు. వచ్చినవాళ్లలో చాలామంది ఆ గుమ్మం దగ్గరే ఇరుక్కుపోయారు. ఆరు నెలల ముందు పదిమంది మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి చూసి ఉంటే, వాళ్లు ముందుగా అడిగేది "ఎంత అవుతుంది?" అనే కదా.

మళ్లీ గుంటూరుకి వస్తాను. మేం రెండోసారి వెళ్లింది 2015 జులైలో. సెలవులయ్యాక యార్డులో కోల్డ్ స్టోరేజీ సరుకు అమ్మకాలు నడుస్తాయి, సీజన్ అంత రద్దీ ఉండదు. ఈసారి లాప్‌టాప్ పట్టుకెళ్లలేదు. తెల్ల కాగితాల మీద స్కెచ్ పెన్నుతో తెరలు గీసుకుని వెళ్లాం. పైన ఊరు, కింద ఇంటిపేరు, పక్కన తూకాల వరస. మధ్యాహ్నం కాటాలు అయిపోయాక గుమాస్తా గారి ముందు పరిచి, "బాబాయ్, నిన్నటి పట్టీ ఒకటి దీంట్లో చెయ్యండి" అన్నాం.

జనవరిలో నాలుగు రోజులూ ఏది మార్చాలో నోరు విప్పి చెప్పని మనిషి పెన్ను తీసుకున్నారు. కమీషన్ గడిని కొట్టేశారు. "ఇది నేను కొట్టక్కర్లేదు, అందరికీ ఒకటే." వడ్డీ గడి పక్కన బాణం గీసి, "ఇది రైతు చూసే కాగితంలో విడిగా ఉండాలి, లేకపోతే అడుగుతారు" అని రాశారు. తూకాల వరసని చూసి కాగితం తిప్పి, వెనకవైపు తన చీటీ ఎలా ఉంటుందో అచ్చం అలాగే గీశారు: పది అంకెలకి ఒక గీత, గీత కింద కూడిక. నలభై నిమిషాల్లో పదకొండు మార్పులు. మా ఏడు నెలల సాఫ్ట్‌వేర్ మీద ఆయన ఒక్క మార్పు కూడా చెప్పలేదు. మనిషి అదే, మేమూ అవే మనుషులం. కంప్యూటర్ తెర మీద ఉన్నది అయిపోయిన పని, వేరేవాళ్ల సొత్తు, దాన్ని తప్పనడం ఎందుకని ఊరుకున్నారు. కాగితం ఆయనకి అలవాటైన చోటు, అందులో కొట్టివేతలకి ఎవరూ బాధపడరు. సగంలో ఉన్న పని చూపిస్తే చులకనైపోతామని నేను ఏడాది క్రితం భయపడ్డాను. సగంలో ఉంది కాబట్టే ఆయన పెన్ను తీశారు.

ఇలా చేసినవాళ్లు మాకంటే ముందు ఉన్నారని తర్వాత చదివాను. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రీడాకారులు గొంతుతో సందేశాలు పంపుకోవడానికీ వినడానికీ ఐబీఎం ఒక వ్యవస్థ చేసింది. అక్కడి పరిశోధకుడు జాన్ గూల్డ్ బృందం కోడ్ రాయకముందే వాడేవాళ్లకి ఇచ్చే సూచనల కాగితం రాసి జనానికి చూపించింది. తెరల బొమ్మలు అతికించిన ఒక డొల్ల స్తంభాన్ని ఆఫీసు వరండాలో నిలబెట్టి, అటూఇటూ వెళ్లేవాళ్లు ఏమంటారో విన్నది. అదే గూల్డ్ అంతకుముందు ఇంకో ప్రయోగం చేశాడు, దాని వివరాలు 1983లో అచ్చయ్యాయి. మాట్లాడితే టైపు చేసే యంత్రం ఉంటే జనం వాడతారా అని తెలుసుకోవాలి, అప్పటికి అలాంటి యంత్రం లేదు. మనిషి మైకులో మాట్లాడుతుంటే ఇంకో గదిలో కూర్చున్న టైపిస్టు కొట్టేవారు, అక్షరాలు తెర మీద వచ్చేవి. యంత్రం తయారవకముందే దాని గురించి తెలుసుకున్నారు.

తెలియకుండానే మేం కూడా ఆగస్టులో అదే చేశాం. కాటా చీటీని రెండోసారి కొట్టే బాధ తప్పించాలి. ఫోనులో ఫోటో తీస్తే అంకెలు వాటంతటవే పట్టీలోకి వచ్చేలా చేద్దామన్నాడు మా వాడు. చేయడానికి నెలలు పట్టే పని. దానికి బదులు కొట్టు కుర్రాడు చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, వెనక గోడౌన్‌లో కూర్చుని నేనే చేత్తో కొట్టి పట్టీ ప్రింటు తీసేవాణ్ని. పన్నెండు రోజులు అలా చేశాం. తెలిసిన మొదటి సంగతి, ఫోటో అక్కర్లేదు. గుమాస్తా గారికి కావాల్సింది టిక్కీ టిక్కీకీ తూకం కాదు, గీత కింద కూడికలు మాత్రమే. యాభై టిక్కీలకి ఐదు అంకెలు. వాటిని ఆయన నిలబడే ఫోనులో కొట్టేయగలరు. నెలల పని రెండు రోజుల పనైంది. రెండోది, రైతు ఊరికి తిరిగి వెళ్లే బండి కదిలేలోపు పట్టీ చేతిలో పడాలి. ఆ గడువు దాటితే ఎంత అందమైన ప్రింటైనా అనవసరం. ఈ రెండూ ఎవరూ మాకు చెప్పలేదు, చేస్తూంటే తెలిశాయి.

ఎంతమందికి చూపించాలి అని చాలామంది అడుగుతారు. సాఫ్ట్‌వేర్ వాడుక ఎంత సులువో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ప్రకారం ఐదుగురు వాడుతుండగా చూస్తే ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. మెతుకు లెక్క పనిచేసేది గిన్నె ఒకటే అయినప్పుడు. నీల్సన్ కూడా వేర్వేరు రకాల మనుషులు ఉంటే వేర్వేరుగా చూడాలనే అన్నాడు. మా పొరపాటు అక్కడే జరిగింది: యజమాని గిన్నెలో మెతుకు పట్టుకుని గుమాస్తా గిన్నె ఉడికిందనుకున్నాం. రైతు గిన్నె వైపు అసలు చూడనే లేదు. పట్టీలో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని, వడ్డీ ఎక్కడ పట్టుకున్నారో కనపడట్లేదని మాకు చెప్పింది అక్కడ బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన. ఆయన మా కస్టమర్ కాదు, మాకు డబ్బులిచ్చేది ఆయన కాదు. ఆ కాగితం మీద ఏడాది కష్టం ఉన్నది మాత్రం ఆయనదే.

దీనికి ఎదురు వాదన ఒకటి ఎప్పుడూ వింటాను. కస్టమర్‌కి ఏం కావాలో కస్టమర్‌కే తెలియదు, వాళ్లని అడుగుతూ కూర్చుంటే కొత్తది ఏదీ రాదు అని. ఇందులో కొంత నిజం ఉంది. మా యజమాని అడిగినవన్నీ చేసి ఉంటే మేం ఇంకా గ్రాఫులే గీస్తూ ఉండేవాళ్లం. కానీ ఈ వాదన ఫీడ్‌బ్యాక్ అంటే సలహాలు అడగడమని అనుకుంటోంది. ఏం చేయాలో చెప్పమని నేను గుమాస్తా గారిని అడగట్లేదు. చేసింది ఆయన చేతిలో పెట్టి చూస్తున్నాను. పరిష్కారం ఆలోచించే బాధ్యత మనదే, దాన్ని వాళ్ల మీదికి నెట్టకూడదు. ఫలానాది కావాలి అని వాళ్లు అంటే, దాని వెనక ఏ పూట ఏ ఇబ్బంది వచ్చిందో కనుక్కోవాలి. రైతులకి ఎస్సెమ్మెస్‌లు వెళ్లాలని యజమాని పట్టుబట్టారు. ఎందుకని తవ్వితే, డబ్బు ఎప్పుడిస్తారని రోజుకి పాతిక ఫోన్లు వస్తున్నాయట. పట్టీ మీద కిందనే చెల్లింపు తేదీ పెద్ద అక్షరాల్లో వేశాం. ఆ తర్వాత ఆయన ఎస్సెమ్మెస్‌ల మాట ఎత్తలేదు.

మొదటి ఆలోచనే పూర్తిగా తప్పని తేలడం కూడా జరుగుతుంది, అప్పుడే తొందరగా చూపించడం విలువ బాగా తెలుస్తుంది. నిజామాబాద్ జిల్లా మూలాలున్న ఫణీంద్ర సామా 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయారు. ఆయనా స్నేహితులూ ముందుగా చేయాలనుకున్నది బస్సు ఆపరేటర్లు వాడుకునే సాఫ్ట్‌వేర్. ఆపరేటర్లకి చూపిస్తే వాళ్లు ఆసక్తి చూపలేదు. అప్పుడు తామే టికెట్లు అమ్మడానికి పూనుకున్నారు, 2006లో రెడ్‌బస్ అలా మొదలైంది. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొన్నది. ఆపరేటర్ల ముఖం చూడకుండా రెండేళ్లు గదిలో కూర్చుని ఆ మొదటి సాఫ్ట్‌వేర్‌కే మెరుగులు దిద్దుకుంటూ ఉంటే ఏమయ్యేదో ఊహించుకోగలను, ఎందుకంటే అలాంటి గదిలో నేను కూర్చున్నాను.

కాదనిపించుకోవడం సుఖంగా ఉండదు. కాగితాల మీద ఆ పదకొండు కొట్టివేతలు చూసినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ కాగితం మీద గీసినదాన్ని కొట్టేస్తే పోయేది ఒక పూట పని. ఏడు నెలలు కోడ్ రాశాక కొట్టేస్తే మనిషి దాన్ని కాపాడుకోవాలని చూస్తాడు, వాడేవాళ్లదే తప్పంటాడు, ట్రైనింగు ఇస్తే సర్దుకుంటారంటాడు. జనవరి నాలుగో రోజు రాత్రి బస్సులో వస్తూ నేను మా వాడితో అచ్చం అదే అన్నాను: "ఆయనకి కంప్యూటర్ అలవాటు లేదు, అదీ సంగతి" అని. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. మనసులో యాభై తూకాలు తప్పు లేకుండా కూడే మనిషి గురించి అన్న మాట అది.

2016 సీజన్‌లో ఆయన మా సాఫ్ట్‌వేర్ వాడారు. మొదటి నెల పక్కనే ఖాతా పుస్తకం కూడా రాశారు, రెండూ సరిపోతున్నాయో లేదో రోజూ రాత్రి చూసుకునేవారు. వద్దనలేదు మేం. ఫిబ్రవరిలో ఒక రోజు ఫోన్ చేసి, "పది అంకెలకి గీత దగ్గర చిన్న చప్పుడు వచ్చేలా పెట్టగలవా, తల ఎత్తి చూడక్కర్లేకుండా" అని అడిగారు. ఆ రాత్రే పెట్టి పంపాను.

ఇప్పుడు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారు పిలిచారు. అక్కడ దిగుమతి వ్యాపారి అనే మాట లేదు. టిక్కీలు అనరు, బస్తాలంటారు. తూకం వేసేవాళ్లు దడవాయిలు. మాటలే ఇంత వేరైతే పని ఎంత వేరో వెళ్తే గానీ తెలియదు. గుంటూరులో పదేళ్లుగా నడుస్తున్న తెరలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, అయినా ఎనిమిది తెల్ల కాగితాలు, రెండు స్కెచ్ పెన్నులు సంచిలో పెట్టుకున్నాను. నిన్న అక్కడి గుమాస్తా ఫోన్ చేశారు.

"లాప్‌టాప్ తెస్తున్నరా సార్? ఇక్కడ ప్లగ్గు ఒక్కటే ఉన్నది."

"లేదన్నా, కాగితాలే తెస్తున్నా."

"అయితే మూడు దాటినంక రండి. అప్పటిదాక కాంటాలే నడుస్తయి."

"కాంటాలు నడిచేటప్పుడే వస్తానన్నా. పక్కన నిలబడి చూస్తా, మిమ్మల్ని ఏం అడగను. మూడు దాటాక కూర్చుందాం."

ఒక క్షణం ఆగి, "అట్లయితే పొద్దున ఎనిమిదింటికల్లా రండి" అన్నారు.